బ్రేకులు వేసినా బండి ఎందుకు ఆగలేదు? లిస్బన్ గ్లోరియా ఫ్యునిక్యులర్ వెనక ఉన్న లెక్క

2025 సెప్టెంబర్ 3 సాయంత్రం ఆరు దాటిన కొద్ది నిమిషాలకు పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో గ్లోరియా అనే కొండ రైలు పెట్టె ఒకటి వాలు మీద అదుపు తప్పింది. కింద మలుపు దగ్గర పట్టాలు వదిలేసి భవనం గోడను గుద్దుకుంది. 16 మంది చనిపోయారు. ఇరవై మందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో ఐదుగురు పోర్చుగల్ వాళ్లు. మిగతావాళ్లు బ్రిటన్, దక్షిణ కొరియా, కెనడా, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, అమెరికా, ఉక్రెయిన్ దేశాల వాళ్లు. ఆ పెట్టెను నడిపే బ్రేక్‌మన్ కూడా ప్రాణాలు కోల్పోయాడు.

ఆ తర్వాత నాలుగు రకాల మాటలు వినిపించాయి. కేబుల్ తెగిందన్నారు. బ్రేకులు ఫెయిలయ్యాయన్నారు. 140 ఏళ్ల పాత బండిని ఇంకా నడపడమే తప్పన్నారు. మెయింటెనెన్స్‌ను ప్రైవేటు కాంట్రాక్టుకు ఇవ్వడం వల్లే ఇలా జరిగిందన్నారు. వీటిలో ప్రతిదానికీ కొంత ఆధారం ఉంది, ఏ ఒక్కటీ పూర్తి జవాబు కాదు. ముఖ్యంగా రెండోది జనాన్ని బాగా తప్పుదారి పట్టించింది. దర్యాప్తు సంస్థ చెప్పినదాని ప్రకారం బ్రేకులు వేశారు, అవి పనిచేశాయి కూడా. అయినా బండి ఆగలేదు. ఇది అర్థం కావాలంటే ఈ యంత్రంలో కేబుల్ అసలు ఏం పని చేస్తుందో ముందు తెలియాలి.

## ఫ్యునిక్యులర్ అంటే ఏమిటి

కైలాసగిరిలోనో, శ్రీశైలం పాతాళగంగ దగ్గరో మనం ఎక్కేది రోప్‌వే. అక్కడ పెట్టె గాలిలో తీగకు వేలాడుతుంది. ఫ్యునిక్యులర్ అలా కాదు. పెట్టె నేల మీద, పట్టాల మీదే ఉంటుంది, దాన్ని కేబుల్ పట్టుకుని ఉంటుంది. పళని కొండకు వించ్‌లో వెళ్లినవాళ్లకు దీని రూపం కొంత తెలుసు.

అచ్చమైన ఫ్యునిక్యులర్‌లో రెండు పెట్టెలుంటాయి. ఒకే కేబుల్‌కు ఒక కొసన ఒకటి, రెండో కొసన ఇంకొకటి. కేబుల్ మధ్యభాగం కొండ పైన ఒక పెద్ద చక్రం చుట్టూ తిరుగుతుంది. ఒక పెట్టె దిగితేనే రెండోది ఎక్కుతుంది. గిలక బావిలో ఒకే తాడుకు రెండు వైపులా చేదలు కట్టి తోడినట్టే. దిగే చేద బరువు ఎక్కే చేదకు సాయం చేస్తుంది కాబట్టి, లాగే మనిషి నీళ్ల బరువు ఒక్కటే చూసుకుంటే చాలు.

మామూలు రైలు ఎక్కలేని వాలు మీద ఇది ఎక్కగలగడానికి కారణం అదే. హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే రైళ్లు పుణె దాటాక దిగే భోర్ ఘాట్ వాలు 37కి 1, అంటే దాదాపు 2.7 శాతం. ఆ మాత్రం వాలుకే పైకి వచ్చే రైళ్లకు వెనక అదనపు ఇంజన్లు తగిలిస్తారు. గ్లోరియా వాలు సగటున సుమారు 18 శాతం. వంద మీటర్లు ముందుకు వెళ్తే పద్దెనిమిది మీటర్లు పైకి లేస్తుంది. భోర్ ఘాట్ కన్నా ఆరు రెట్లకు పైగా నిటారు.

## ఆ ఊరికి ఈ బండి ఎందుకు కావలసి వచ్చింది

లిస్బన్ టాగస్ నది ముఖద్వారం దగ్గర ఉన్న రేవు పట్టణం. నది ఒడ్డున చదును నేల కొద్దిగానే ఉంటుంది. దాని వెనక వెంటనే కొండలు లేస్తాయి. వ్యాపారమంతా కింద, ఇళ్లు పైన. 19వ శతాబ్దం చివరిదాకా ఈ ఎక్కుళ్లకు కాళ్లు, గుర్రాలు తప్ప వేరే దిక్కు లేదు.

దీన్ని మార్చిన ఇంజనీరు రావుల్ మెస్నియే దు పోన్సార్. ఆయన లిస్బన్‌లో 1884లో లావ్రా, 1885లో గ్లోరియా, 1892లో బీకా ఫ్యునిక్యులర్లను కట్టాడు. నిలువుగా పైకి లేచే శాంతా జుష్టా ఇనుప లిఫ్టు కూడా ఆయనదే, అది 1902 నాటిది. గ్లోరియా 1885 అక్టోబర్ 24న మొదలైంది. కింద రెస్తౌరదోరెస్ కూడలి, పైన బైరు ఆల్తు పేట అంచున ఉన్న సావ్ పేద్రు దె అల్కాంతరా తోట. మధ్య దూరం 265 మీటర్లు, ఎత్తులో తేడా సుమారు 47 మీటర్లు.

మొదట్లో దీన్ని నీళ్లతో నడిపారు. పైనున్న పెట్టె ట్యాంకులో నీళ్లు నింపితే అది బరువెక్కి దిగేది, దిగుతూ రెండోదాన్ని లాగేది. కింద నీళ్లు వదిలేసేవారు. తర్వాత ఆవిరి యంత్రం వచ్చింది. రాత్రిళ్లు లోపల కొవ్వొత్తులు వెలిగించేవారట. 1910ల మధ్యలో విద్యుత్తు వచ్చింది. 1926 నుంచి నగర రవాణా సంస్థ కరీస్ దీన్ని నడుపుతోంది. 2002లో ప్రభుత్వం దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది.

విద్యుత్తు వచ్చినప్పుడు జరిగిన మార్పు మనకు ముఖ్యం. చాలా ఫ్యునిక్యులర్లలో మోటారు కొండ పైన యంత్రశాలలో ఉండి, అక్కడి చక్రాన్ని తిప్పి కేబుల్‌ను లాగుతుంది. గ్లోరియాలో అలా కాదు. మోటార్లు పెట్టెల్లోనే ఉంటాయి. కరెంటు ట్రాముకు అందినట్టు పైనున్న తీగల నుంచి అందుతుంది. కేబుల్ రోడ్డు కింద సన్నటి గాడిలో, బయటికి కనిపించకుండా పోతుంది. బయటినుంచి చూసేవాళ్లకు ఇది మామూలు ట్రాములాగే అనిపిస్తుంది. ఆ కనిపించని కేబుల్ మీదే అంతా ఆధారపడి ఉందని ఎక్కేవాళ్లలో చాలామందికి తెలిసే అవకాశమే లేదు.

## కేబుల్ చేసే పని: ఒక లెక్క

లెక్క సులువుగా ఉండటానికి ఒక్కో పెట్టె బరువు 10 టన్నులు అనుకుందాం. ఇది నేను ఎంచుకున్న అంకె, అసలు బరువు వేరేగా ఉండొచ్చు. 18 శాతం వాలు మీద ఏ వస్తువునైనా కిందికి లాగే బలం దాని బరువులో దాదాపు 17.7 శాతం ఉంటుంది. అంటే 10 టన్నుల పెట్టెను 1,770 కిలోల బరువంత బలం ఎప్పుడూ కిందికి లాగుతూనే ఉంటుంది.

కేబుల్‌కు రెండో కొసన కూడా 10 టన్నుల పెట్టె ఉంటే దాన్నీ అంతే బలం లాగుతుంది. పైనున్న చక్రం మీద ఈ రెండూ ఒకదానికొకటి చెల్లిపోతాయి. ఇక మిగిలేది ప్రయాణికుల బరువులో తేడానే. పై పెట్టెలో 40 మంది, కింది పెట్టెలో 10 మంది ఉన్నారనుకోండి. తేడా 30 మంది, ఒక్కొక్కరు 70 కిలోల చొప్పున 2,100 కిలోలు. వాలు మీద దాని లాగుడు దాదాపు 370 కిలోల బరువంత. మోటార్లు, బ్రేకులు రోజూ తట్టుకోవాల్సింది ఈ 370నే.

కేబుల్ ఊడిపోతే? అవతలి పెట్టె సాయం అదే క్షణంలో పోతుంది. 40 మందితో ఉన్న పెట్టె మొత్తం బరువు 12.8 టన్నులు. దాన్ని కిందికి లాగే బలం దాదాపు 2,270 కిలోలు. నిన్నటిదాకా 370 చూసుకున్న బ్రేకుల మీద ఇప్పుడు దానికి ఆరు రెట్లు పడింది. కాబట్టి కేబుల్‌ను బండిని లాగే తాడుగా మాత్రమే చూడకూడదు. బండిని ఆపే ఏర్పాటులో పెద్ద వాటా దానిదే.

## ఆ సాయంత్రం ఏం జరిగింది

పోర్చుగల్‌లో విమాన, రైలు ప్రమాదాలను దర్యాప్తు చేసే స్వతంత్ర సంస్థ మూడు రోజుల్లో, సెప్టెంబర్ 6న, తొలి ప్రకటన ఇచ్చింది. దాని ప్రకారం రెండు పెట్టెలూ బయలుదేరి సుమారు 6 మీటర్లు కదిలాయో లేదో, 1వ నంబరు పెట్టె దగ్గర కేబుల్ విడిపోయింది. ఆ సమయంలో పైన ఉన్నది ఆ పెట్టే. విడిపోయింది కేబుల్ మధ్యలో ఎక్కడో కాదు. పెట్టె అడుగున కేబుల్ కొసను బిగించే చోట అది వదిలేసింది.

కింద ఉన్న 2వ నంబరు పెట్టె వెనక్కి జారి కొన్ని మీటర్లలోనే ఆగిపోయింది. దానికి వెళ్లడానికి అంతకన్నా దూరం లేదు. పై పెట్టెకు మాత్రం వాలంతా ఖాళీగా ఉంది. బ్రేక్‌మన్ గాలి బ్రేకు వేశాడు, చేతి బ్రేకు కూడా తిప్పాడు. బండి వేగం పెరుగుతూనే ఉంది. కింది భాగంలో వాలు కుడివైపు తిరిగే చోట పెట్టె పట్టాలు దాటి, స్తంభాలను, భవనం మూలను ఢీకొంది. మొదటి ఢీ నాటికి వేగం గంటకు 60 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉండొచ్చని తొలి అంచనా. మొత్తం 50 సెకన్లలోపే ముగిసిపోయింది.

చేతిలో ఉన్న రెండు బ్రేకులనూ ఆ మనిషి వాడాడు. అందుకే డ్రైవర్ తప్పిదమనే మాటకు ఈ ప్రమాదంలో చోటు లేదని నేను గట్టిగా అనుకుంటాను. ఆయన చేయగలిగింది ఇంకేమీ మిగల్లేదు.

## పట్టుకున్న బ్రేకు ఎందుకు చాలలేదు

ఇక్కడ స్కూల్లో చదివిన రాపిడి పాఠం చాలు. చక్రానికి బ్రేకు ఎంత గట్టిగా వేసినా, చివరికి బండిని ఆపాల్సింది చక్రానికీ పట్టాకూ మధ్య ఉండే రాపిడి. చక్రం పూర్తిగా బిగుసుకుపోతే అది తిరగకుండా పట్టా మీద జారుతుంది, అంతే.

ఉక్కు మీద ఉక్కు రాపిడి చాలా తక్కువ. పట్టా పొడిగా, శుభ్రంగా ఉంటే రాపిడి గుణకం 0.15 నుంచి 0.25 దాకా ఉండొచ్చు. కాస్త జిడ్డు, తేమ, దుమ్ము ఉంటే 0.1కీ, ఇంకా కిందికీ పడిపోతుంది. రబ్బరు టైరు తారు రోడ్డును పట్టుకునే పట్టుతో దీన్ని పోల్చలేం.

ఇప్పుడు వాలును చూడండి. ఏదైనా బండి కేవలం రాపిడితో వాలు మీద నిలవాలంటే, రాపిడి గుణకం వాలుకు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. గ్లోరియా వాలు 0.18. అంటే పట్టాలు శుభ్రంగా ఉన్న మంచి రోజున, అన్ని చక్రాలకూ బ్రేకులు పూర్తిగా పడితే, బండి నిలిస్తే నిలవొచ్చు. కొంచెం జిడ్డు ఉంటే నిలవదు. ఈ లెక్కలో బండి బరువు అసలు రాదు. ఖాళీ పెట్టెకూ నిండు పెట్టెకూ షరతు ఒకటే. జనాన్ని ఎక్కువగా ఎక్కించడం వల్లే బండి ఆగలేదన్న వాదన అందుకే అంత బలంగా నిలబడదు. రద్దీ వల్ల కేబుల్ మీద పడే ఒత్తిడి, అరుగుదల వేరే సంగతి.

రాపిడి 0.1 దగ్గర ఉందనుకుని ఇంకో అడుగు వేద్దాం. బ్రేకులు పూర్తిగా పడినా పెట్టె సెకనుకు సెకనుకు 0.77 మీటర్ల చొప్పున వేగం పుంజుకుంటూనే ఉంటుంది. 150 మీటర్లు జారేసరికి గంటకు దాదాపు 55 కిలోమీటర్ల వేగం వస్తుంది, పట్టే సమయం 20 సెకన్లు. ఇది దర్యాప్తు సంస్థ వేసిన లెక్క కాదు, విషయం అర్థం కావడానికి నేను వేసినది. అయినా తొలి ప్రకటనలోని అంచనాకు ఇంత దగ్గరగా రావడం చూస్తే, ఆ బ్రేకులు చేయగలిగినంత చేశాయని, చేయాల్సినంత చేయగల శక్తి వాటికి మొదటి నుంచీ లేదని తెలుస్తుంది.

దర్యాప్తు సంస్థ చెప్పిందీ అదే. రెండు పెట్టెలూ కేబుల్‌తో సమతూకంలో ఉన్నప్పుడు ఆపడానికి ఈ బ్రేకులు సరిపోతాయి. ఆ సమతూకం పోతే పెట్టెను నిలబెట్టే సామర్థ్యం వాటికి లేదు. అందుకే బ్రేకులు ఫెయిలయ్యాయనడం పొరపాటు. చెడిపోయిన బ్రేకును బాగుచేస్తే సరిపోతుంది. ఇక్కడ ఉన్నది డిజైన్‌లోనే లోటు. ఇదే పద్ధతిలో నడిచే ఇంకో బండికి రేపు బ్రేకులు కొత్తవి వేసినా ఆ లోటు అలాగే ఉంటుంది.

వేరే దారి లేదా అంటే, ఎప్పటినుంచో ఉంది. స్విట్జర్లాండ్ లాంటి చోట్ల ఫ్యునిక్యులర్లలో చక్రాన్ని కాకుండా పట్టానే రెండు పక్కల నుంచి దవడలతో కరిచి పట్టుకునే బ్రేకులు వాడతారు. కేబుల్ బిగువు సడలగానే ఆ దవడలు వాటంతటవే మూసుకుంటాయి. అవి ఎంత గట్టిగా నొక్కాలన్నది స్ప్రింగు బలం మీద ఆధారపడుతుంది, బండి బరువు మీద కాదు. అందువల్ల రాపిడి గుణకం తక్కువైనా నొక్కుడు పెంచి సరిచేయొచ్చు. ఇలాంటి బ్రేకుకు ప్రత్యేకమైన ఆకారంలో ఉన్న పట్టా కావాలి. గ్లోరియా పట్టాలు రోడ్డులో పాతుకుని ఉంటాయి, ఆ వీధిలో జనం కూడా నడుస్తారు. కష్టం అక్కడుంది.

## కేబుల్ ఎందుకు వదిలేసింది

ఆ కేబుల్‌కు నిర్ణయించిన ఆయుష్షు 600 రోజులు. ప్రమాదం నాటికి 337 రోజులు పనిచేసింది, ఇంకా 263 రోజులు మిగిలి ఉన్నాయి. ఆ రోజు పొద్దున కూడా తనిఖీ జరిగినట్టు రికార్డుల్లో ఉంది. లోపమేదీ కనిపించలేదు. కానీ కేబుల్ విడిపోయిన చోటు, విప్పి చూస్తే తప్ప కంటికి కనపడని చోటు. రోజూ చూశాం అన్న మాట నిజమే అయినా, చూడాల్సింది ఆ చూపుకు అందే చోట లేదు.

అక్టోబర్ 20న వచ్చిన ప్రాథమిక నివేదిక ఇంకా ఇబ్బందికరమైన సంగతులు బయటపెట్టింది. వాడిన కేబుల్ కరీస్ సంస్థ తానే రాసుకున్న స్పెసిఫికేషన్‌కు సరిపోలేదు. మనుషులను తీసుకెళ్లే ఏర్పాట్లలో వాడటానికి దానికి సర్టిఫికేషన్ లేదు. కొసల దగ్గర తిరిగే బిగింపులతో వాడటానికి కూడా ఆ రకం తగినది కాదు. కొని, తీసుకుని, బిగించేదాకా ఏ దశలోనూ ఈ తేడాను ఎవరూ పట్టుకోలేదు. మెయింటెనెన్స్ పనులు కొన్ని చేసినట్టు కాగితాల మీద ఉన్నా, చేశారనడానికి ఆధారాలు సరిపోలేదని కూడా నివేదిక ఎత్తిచూపింది.

ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. తప్పుడు కేబుల్ వాడారు కాబట్టి ప్రమాదం జరిగింది అని వెంటనే తేల్చేయాలనిపిస్తుంది. దర్యాప్తు సంస్థ ఆ మాట అనలేదు. అదే రకం కేబుల్ 2022 చివరి నుంచి వాడుకలో ఉంది. అంతకుముందు 600 రోజులకు పైగా ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది కూడా. కేబుల్ రకమే కారణమా, కొసను బిగించిన తీరా, రెండూ కలిసా అన్నది ప్రాథమిక నివేదిక తేల్చిన విషయం కాదు. ఈ తేడాను వార్తల హడావిడిలో చాలామంది వదిలేశారు. బాధ్యులు ఎవరన్న ప్రశ్నకు జవాబు దీన్నిబట్టే మారుతుంది కాబట్టి వదిలేయకూడదు.

మెయింటెనెన్స్‌ను బయటి కంపెనీకి ఇవ్వడం గురించి కార్మిక సంఘాలు ప్రమాదానికి ముందు నుంచే అభ్యంతరం చెబుతున్నాయి. అనుభవం ఉన్న సొంత మెకానిక్‌లు పోతే యంత్రం తీరు తెలిసినవాళ్లు ఉండరన్నది వాళ్ల వాదన. అది తీసిపారేయాల్సింది కాదు. 140 ఏళ్ల యంత్రానికి మాన్యువల్ కన్నా చేతి అనుభవం ఎక్కువ అవసరం. కరీస్ మాత్రం షెడ్యూల్ ప్రకారమే అన్నీ జరిగాయంది: నాలుగేళ్లకోసారి పూర్తి మరమ్మతు, ఆఖరిది 2022లో, మధ్యలో 2024లో ఇంకోటి, ఇవి కాక నెలవారీ, వారంవారీ, రోజువారీ తనిఖీలు. నాకు కనిపించేదేమిటంటే, ఈ రెండు మాటలూ పక్కపక్కనే నిజం కావచ్చు. షెడ్యూల్‌లో రాసినవన్నీ చేసినా, రాయాల్సింది రాయకపోతే ప్రమాదం అలాగే ఉంటుంది. కొస బిగింపును విప్పి చూడటం ఆ రోజువారీ తనిఖీలో భాగం కాదు.

## బయటినుంచి ఎవరు చూడాలి

ఈ వ్యవహారంలో నాకు ఎక్కువ కలవరం కలిగించిన భాగం ఇదే.

యూరప్‌లో కేబుల్ మీద మనుషులను తీసుకెళ్లే ఏర్పాట్లకు ఉమ్మడి చట్టం ఉంది, 2016లో వచ్చిన నియమావళి. దాని పరిధి నుంచి కొన్నిటిని మినహాయించారు. 1986 జనవరి 1కి ముందు మొదలై, ఇంకా నడుస్తూ, డిజైన్‌లో పెద్ద మార్పులు లేకుండా ఉన్నవాటిని ఒక సభ్యదేశం చారిత్రక, సాంస్కృతిక వారసత్వంగా గుర్తిస్తే, అవి ఆ నియమావళి కిందికి రావు. ఉద్దేశం మంచిదే. వందేళ్ల నాటి బండిని కొత్త బండి కొలతలతో కొలిస్తే అన్నీ మూతపడతాయి. అలాంటివాటిని ఏ దేశానికాదేశం తన చట్టాలతో చూసుకోవాలని దాని భావం.

అయితే పోర్చుగల్‌లో రవాణా భద్రతను చూసే జాతీయ సంస్థ పర్యవేక్షణలో గ్లోరియా లేదు. పైనుంచి యూరప్ చట్టం వదిలేసింది, కింద జాతీయ సంస్థ పట్టుకోలేదు. నడిపేదీ, తనిఖీ చేయించేదీ, ఫలితం చూసేదీ అంతా ఒకే సంస్థ. ఏ కేబుల్ వాడుతున్నారు, కేబుల్ పోతే ఏం ఆపుతుంది అని అడిగే బయటి ఇంజనీరు లేడు. గ్లోరియా 2018 మేలో ఒకసారి పట్టాలు తప్పింది కూడా. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బండి కొన్నాళ్లు ఆగి మళ్లీ నడిచింది.

పాతదైనందువల్లే ప్రమాదం జరిగిందనేవాళ్లకు నా సమాధానం కూడా ఇక్కడే ఉంది. విడిపోయిన కేబుల్‌ను వేసి ఏడాది కూడా కాలేదు. పాతది యంత్రం ఆలోచన. దాన్ని మళ్లీ పరీక్షకు పెట్టాల్సిన బాధ్యత ఎవరిదో రాసి లేకపోవడం వల్ల ఆ ఆలోచన అలాగే ఉండిపోయింది.

## వారసత్వం ఒకవైపు, భద్రత ఒకవైపు

వారసత్వ సంపదను కాపాడాలనేవాళ్ల వాదనలో బలముంది. గ్లోరియా మ్యూజియం వస్తువు కాదు. పర్యాటకులు ఎక్కువగా ఎక్కుతారన్నది నిజమే. కానీ ఆ కొండ మీద పనిచేసేవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది రోజువారీ అవసరం. చనిపోయిన పోర్చుగీసువాళ్లలో నలుగురు ఆ పైనే ఉన్న ఒక పాత సేవాసంస్థ ఉద్యోగులు, పని ముగించుకుని దిగుతున్నవాళ్లు. మూసేస్తే సరిపోతుందనడం సులువు. చిలీ రేవు నగరం వల్పరాయిసోలో ఏం జరిగిందో చూస్తే ఆ మాట అంత సులువుగా రాదు. అక్కడ 1883 నుంచి ముప్పై దాకా ఇలాంటి కొండ బండ్లు కట్టారు. 16 ఇంకా మిగిలి, జాతీయ స్మారకాలుగా ఉన్నాయి. ఊరి పాత భాగానికి 2003లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అయినా వాటిలో చాలా బండ్లు డబ్బు లేక, మరమ్మతులు లేక ఏళ్ల తరబడి ఆగిపోయాయి. కొండ మీది పేద కుటుంబాలు మెట్లు ఎక్కాల్సి వచ్చింది.

ఇంకో వైపు వాళ్లు అడిగేది కూడా న్యాయమే. టికెట్ కొన్న మనిషికి బండి వయసుతో సంబంధం లేదు, ప్రాణం ఏ బండిలోనైనా ఒకటే. స్మారకం అన్న ముద్ర రంగును, చెక్క బెంచీలను, ఆకారాన్ని కాపాడాలి గానీ లోపలి లోటును కాదు అని వాళ్లంటారు.

ఈ రెంటినీ కలిపి చూడటానికి పనికొచ్చే ఉదాహరణ లాస్ ఏంజెలెస్‌లో ఉంది. ఏంజెల్స్ ఫ్లైట్ అనే చిన్న ఫ్యునిక్యులర్ అక్కడ 1901లో మొదలైంది. 1969లో తీసేసి, 1996లో కొంచెం పక్కన మళ్లీ కట్టారు. పాత నారింజ రంగు పెట్టెలే, లోపల మాత్రం కొత్త యంత్రం. 2001 ఫిబ్రవరి 1న ఆ కొత్త యంత్రంలో కేబుల్ డ్రమ్మును తిప్పే భాగం ఒకటి అరిగి జారిపోయింది. అత్యవసర బ్రేకు పనిచేసే స్థితిలో లేదు. పెట్టె జారి కిందిదాన్ని గుద్దింది. ఒకరు చనిపోయారు, ఏడుగురు గాయపడ్డారు. పట్టాను పట్టుకునే బ్రేకు ఆ పెట్టెలకు లేదు. 2010లో మళ్లీ తెరిచినప్పుడు యంత్రం మార్చి, రక్షణ కోసం అదనపు కేబుళ్లు, అత్యవసర బ్రేకులు చేర్చారు. రంగు, రూపం అలాగే ఉన్నాయి. 2013లో ఒకసారి పట్టాలు తప్పి మళ్లీ ఆగింది, మరిన్ని మార్పులతో 2017లో మొదలైంది. అంటే పాత రూపంలో కొత్త రక్షణ పెట్టడం సాధ్యమే. కానీ 1996 నాటి కొత్త యంత్రమే ప్రమాదం తెచ్చిందని మర్చిపోకూడదు. కొత్తది కాబట్టి భద్రం అన్న మాట కూడా ఆధారం చూపించుకోవాల్సిందే.

## లిస్బన్‌లో మిగతా బండ్ల సంగతి

ప్రమాదం జరిగిన వెంటనే లావ్రా, బీకా, 2024లో తెరిచిన కొత్త గ్రాసా ఫ్యునిక్యులర్లను కూడా ఆపేశారు. దర్యాప్తు సంస్థ అక్టోబర్ నివేదికలో కొన్ని సిఫార్సులు చేసింది. కేబుళ్లను, వాటి కొస బిగింపులను స్వతంత్ర నిపుణులు పరీక్షించాలి. కేబుల్ విడిపోయినా పెట్టెను నిలబెట్టగల బ్రేకులు ఉన్నాయని తేలేదాకా ఈ బండ్లను తిరిగి నడపకూడదు. ఇలాంటి ఏర్పాట్లన్నీ జాతీయ పర్యవేక్షణ కిందికి వచ్చేలా చట్టం మార్చాలి.

రెండో సిఫార్సే అసలు కష్టం. లావ్రా పొడవు గ్లోరియా కన్నా తక్కువ, వాలు ఇంకా ఎక్కువ, 20 శాతం పైమాటే. మనం వేసిన రాపిడి లెక్క ప్రకారం చక్రాల బ్రేకు ఒక్కటే అక్కడ సరిపోవడం ఇంకా కష్టం. బీకా వాలు వాటికన్నా చాలా తక్కువ, సుమారు 12 శాతం, కాబట్టి దానికి దారి కొంత తేలిక. మూడింటికీ ఒకే పరిష్కారం కుదరకపోవచ్చు. పట్టాను కరిచే బ్రేకు పెట్టాలంటే వీధిలో పట్టాలు తవ్వి మార్చాలి, స్మారక చట్టం దానికి అనుమతించాలి. రెండో కేబుల్ పెట్టాలంటే రోడ్డు కింది గాడిలో చోటు ఉండాలి.

ఏ పరిష్కారం ఎంచుకున్నా, పరీక్ష మాత్రం ఒకటే. పెట్టెలో నలభై మంది బరువంత ఇసుక బస్తాలు వేసి, మనుషులెవరూ లేకుండా వాలు పైభాగంలో నిలబెట్టి, కేబుల్‌ను కావాలని వదిలేయాలి. పట్టాలు పొడిగా ఉన్న రోజున ఒకసారి, తడిపి ఒకసారి. ఎన్ని మీటర్లలో ఆగిందో కొలిచి, ఆ అంకెను కరీస్ తన దగ్గరే ఉంచుకోకుండా అందరికీ చెప్పాలి.